గ్రామచరిత్రములు – మన కర్తవ్యము

హైదరాబాదు నగరమునకు ఉత్తరపు దిక్కున, జీడిమెట్ల కర్మాగారములను దాటి పోవువారికి సూరారము తగులును. తగులునని వ్రాసితిమే కాని, ఆ ఊరు ఎచ్చట మొదలగునో, ఎచ్చట ముగియునో నేడు చెప్పగలవారు అరుదు. పొలిమేర యుండవలసిన చోట దుకాణములున్నవి. పైరుండవలసిన చోట అంతస్తుల మేడలున్నవి. గ్రామముగా పుట్టిన సూరారము మహానగరములో నొక పేటయై పోయినది. మేడ్చలు, శామీరుపేట ప్రాంతముల గ్రామములు పెక్కింటికి ఇదే గతి పట్టుచున్నది. నగరములు పెరుగుట లోకసహజము. దానిని గూర్చి మేము కన్నీరు కార్చుటకు ఈ వ్యాసమును వ్రాయుట లేదు. ఊరు మారునప్పుడు ఆ ఊరి జ్ఞాపకము కూడ మాసిపోవలెనా? ఈ ప్రశ్ననే మేము పాఠకుల ముందుంచుచున్నాము.

ఈ ప్రశ్నకు సమాధానమును దూరమున వెదకనక్కర లేదు. సూరారమునకు ఈశాన్యమున, అనతిదూరముననే శామీరుపేట కలదు. నేటివారికి ఆ పేరు చెప్పగనే పెద్ద చెరువు, కరీంనగరు రహదారి, న్యాయవిద్యా విశ్వవిద్యాలయము, ఔషధ పరిశోధనాలయములు జ్ఞప్తికి వచ్చును. కాని లోకములోని మానవశాస్త్ర విద్యార్థులకు శామీరుపేట మఱియొక కారణమున చిరపరిచితము. 1955వ సంవత్సరమున లండనులో ‘ఇండియన్ విలేజ్’ అను గ్రంథమొకటి వెలువడినది. ఆ గ్రంథములోని ‘భారతీయ గ్రామము’ మఱేదియు కాదు, మన శామీరుపేటయే. గ్రంథకర్త శ్యామాచరణ్ దూబే.

దూబే 1922లో మధ్యపరగణాలలోని నర్సింగపూరులో జన్మించెను. ఛత్తీసుగఢు అడవులలోని కమారులను గూర్చి పరిశోధించి 1951లో గ్రంథమును ప్రకటించెను. పిమ్మట ఉస్మానియా విశ్వవిద్యాలయమున సమాజశాస్త్ర అధ్యాపకుడుగా నుండి, ఆ విశ్వవిద్యాలయము చేపట్టిన గ్రామసేవా విస్తరణ కార్యక్రమమున భాగముగా 1951–52లో శామీరుపేటకు వచ్చెను. ఆయన ఒంటరిగా రాలేదు. వ్యవసాయము, పశువైద్యము, వైద్యము మొదలగు శాఖల అధ్యాపకులును విద్యార్థులును వెంట వచ్చిరి. ఒకవైపు సేవ, మఱియొకవైపు పరిశోధన జరిగినవి. రెండున్నర వేల జనసంఖ్యకు లోబడిన ఆ ఊరిలో కులముల కట్టుబాటు, వృత్తుల నడుమ ఇచ్చిపుచ్చుకొనుటలు, పండుగలు, గ్రామదేవతల కొలువు, కుటుంబ బంధములు, భాగ్యవంతుల జీవనము, పేదల జీవనము, ఊరిపెద్దల పంచాయితీ, క్రొత్తగా వచ్చుచున్న మార్పులు – ఇవన్నియు ఆ గ్రంథమున ప్రకరణముల వారీగా చోటు చేసికొన్నవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఒక్క భారతీయ గ్రామమును సమగ్రముగా చిత్రించిన తొలి గ్రంథములలో ఇది యొకటి. తరువాత దూబే సాగరు విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, సిమ్లాలోని భారత ఉన్నత అధ్యయన సంస్థకు సంచాలకుడై, జమ్మూ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షుడై, 1996లో దివంగతుడయ్యెను. ఎచ్చటికి పోయినను ఆయన కీర్తికి పునాదిరాయి శామీరుపేటయే.

ఆ కాలమెట్టిదో పాఠకులు ఒకమారు తలచుకొనవలెను. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. 1949లో జాగీరులు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చినది. 1951 ఏప్రిలులో వినోబాజీ పోచంపల్లిలో అడుగిడగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరముల భూమిని దానము చేసిరి. ఆ సంవత్సరము అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాటము విరమింపబడినది. 1952లో ప్రజలు తొలిసారిగా వోటు వేసిరి. వందల యేండ్ల కట్టుబాటు నాలుగైదేండ్లలో సడలిపోవుచుండగా, సరిగా ఆ సంధికాలమున ఒక పండితుడు కాగితము కలము పట్టుకొని ఒక తెలంగాణపు టూరిలో కూర్చుండుట శామీరుపేట చేసికొన్న అదృష్టము. ఆ అదృష్టము ప్రక్క ఊళ్ళకు పట్టలేదు. మేడ్చలునకు, కీసరకు, సూరారమునకు అట్టి గ్రంథమేదీ?

అంతకు ముందే ఈ రాజ్యమున మఱియొక మానవశాస్త్రజ్ఞుడు పనిచేసెను. వియన్నా నగరమున 1909లో జన్మించిన క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1939లో యుద్ధము వచ్చునప్పటికి ఇచ్చట చిక్కుకొనెను. జర్మను పాస్‌పోర్టు గలవాడగుటచే నిజాము రాజ్యము దాటి పోరాదని ఆంక్ష విధింపబడినది. ఆయన ఆ నిర్బంధమునే అవకాశముగా మార్చుకొని నల్లమల చెంచులను, గోదావరి కొండరెడ్లను, ఆదిలాబాదు గోండులను గూర్చి గ్రంథములు వ్రాసెను. 1940లో జోడెఘాటున కుమ్రం భీము నేలకొరిగిన పిమ్మట గోండుల కష్టములను ప్రభుత్వమునకు నివేదించినవాడును, మార్లవాయిలో గోండు బాలురకు చదువు నేర్పు ఏర్పాటు చేయించినవాడును ఆయనయే. ఆయన భార్య సమాధి నేటికిని మార్లవాయిలోనే యున్నది. మానవశాస్త్రము కేవలము గ్రంథాలయముల బీరువాలలో దాగు విద్య కాదనుటకు ఇంతకంటె నిదర్శనమక్కర లేదు.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. చెంచులను గూర్చి వ్రాసినవాడు ఆస్ట్రియా దేశస్థుడు. శామీరుపేటను గూర్చి వ్రాసినవాడు తెలుగు మాతృభాష కానివాడు. ఇరువురును వ్రాసినది ఆంగ్లమున. వారిని మేము నిందించుట లేదు. వారు చేయకున్నచో ఆ పని జరిగియే యుండెడిది కాదు. కాని ఏ ఊరి బ్రతుకు ఆ గ్రంథములలో నున్నదో ఆ ఊరి రచ్చబండ మీద వానిని చదివి వినిపించుకొనినవారెందరు? మన యింటి కథ పరభాషలో పరదేశమున అచ్చయి, పరుల విద్యాలయములలో పాఠమగుచుండగా, మనము మాత్రము దానిని ఎఱుగక యుండుట మనకు గౌరవమా?

జపాను దేశమున ఈ పని వేఱు విధముగ జరిగినది. అది మనము శ్రద్ధతో పరిశీలింపదగిన వృత్తాంతము. ఆ దేశమున వ్యవసాయ శాఖ అధికారిగా నుండిన యనగిటా కునియో 1910లో తోనో అను కొండప్రాంతపు గాథలను గ్రంథరూపమున కూర్చి, మూడువందల యేబది ప్రతులు మాత్రము అచ్చు వేయించెను. తరువాతి కాలమున ఆయన ఒక దినపత్రికకు సంపాదకీయములు వ్రాయుచునే పల్లెప్రజల ఆచారములను సేకరించి, ఆ విద్యకు తన దేశమున పితామహుడనిపించుకొనెను. ఆయన చూపిన బాటను నడచిన వారిలో మియామోతో త్సునెయిచి చరిత్ర మనకు మిక్కిలి ఉపయోగపడును.

మియామోతో 1907లో సువో-ఓషిమా అను ద్వీపమున సామాన్య రైతు యింట జన్మించెను. పదునైదేండ్ల ప్రాయమున ఊరు విడిచి పట్టణమునకు పోవుచుండగా తండ్రి ఆయనకు పది హితవాక్యములు చెప్పి వ్రాసికొమ్మనెనట. రైలెక్కినచో కిటికీలోనుండి చూడుమనియు, పొలములలో ఏమి పండుచున్నదో, ఇండ్లు పెద్దవో చిన్నవో, కప్పు దేనితో వేసిరో గమనింపుమనియు, క్రొత్త ఊరు చేరినచో ముందుగా ఎత్తయిన చోటెక్కి నలుదెసల పరికింపుమనియు ఆ వాక్యముల సారము. చదువు తక్కువైన ఒక రైతు తన కుమారునకు చేసిన ఈ ఉపదేశము కంటె మానవశాస్త్రమునకు మంచి పీఠిక ఏ విశ్వవిద్యాలయమును వ్రాయలేదు. ఆ కుమారుడు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడై, క్షయరోగము పాలై కోలుకొని, జీవితమంతయు కాలినడకను జపాను పల్లెలలో తిరిగెను. ముసలివారి చెంత కూర్చుండి వారు చెప్పినది వినెను. 1960లో ‘మఱువబడిన జపానీయులు’ అను అర్థము గల పేరుతో గ్రంథమును ప్రకటించెను. రాజులు, సేనాపతులు అందులో లేరు. పొలము దున్నినవారు, నాట్లు వేసిన స్త్రీలు, అడవిలో బరువులు మోసినవారు, కన్నులు లేని బిచ్చగాడు – వీరే అందులోని పాత్రలు. ఆ గ్రంథము జపాను భాషలో, జపాను ప్రజలకొఱకు వ్రాయబడినది.

అందులోని తొలి వృత్తాంతమును మేమిచ్చట సంగ్రహముగ చెప్పుదుము. 1950లో ఆయన త్సుషిమా ద్వీపమున ఇనా అను గ్రామమునకు పోయి, ఊరి పెట్టెలో తరతరములుగా భద్రపఱచిన పాతకాగితములను ఎరువుగా ఇమ్మని కోరెను. ఊరిపెద్ద తానొక్కడే ఈయజాలననెను. ఊరివారందఱు కూర్చుండి నిర్ణయింపవలెననెను. ఊరివారు కూడిరి. ఇతర వ్యవహారముల నడుమ ఆ కాగితముల మాట వచ్చును, కొంతసేపు చర్చింతురు, ఇండ్లకు పోయి భోజనము చేసి వత్తురు, మరల ఆ మాట వచ్చును. ఎవరును ఎవరిని తొందరపెట్టలేదు. తుదకు అందఱును సమ్మతించిన పిమ్మటనే కాగితములు ఆయన చేతికి వచ్చినవి. ఆయన రసీదు వ్రాసి యిచ్చెను. ఊరి కాగితములనగా ఊరి యుమ్మడి సొత్తని వారెఱుగుదురు. మన గ్రామములలో అట్టి పెట్టె ఎచ్చటనున్నది? 1984లో పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయినది. ఆ వ్యవస్థ వలని పీడను మేమెఱుగుదుము. దాని పునరుద్ధరణను మేము కోరుట లేదు. కాని దానితోపాటు పట్వారీ యింటి అటకమీది దస్త్రములు, నీరడి యెఱిగిన తూముల లెక్కలు, ఊరిసరిహద్దులను గూర్చిన నోటి సాక్ష్యములు ఏమైనవో అడిగినవారెవరు?

మియామోతో వెనుక నొక ధనికుడు నిలిచెనని కూడ పాఠకులు గ్రహింపవలెను. ఆయన పేరు షిబుసావా కెయిజో. ఆయన బ్యాంకు వ్యవహారముల కుటుంబమున పుట్టి, కొంతకాలము జపాను కేంద్రబ్యాంకునకు అధిపతిగను, యుద్ధానంతరము ఆర్థికమంత్రిగను పనిచేసినవాడు. ఆ ధనికుడు తన భవనపు అటకమీద నాగళ్ళు, బుట్టలు, వలలు, ఆటబొమ్మలు సేకరించి మ్యూజియమును నెలకొల్పెను. పేద పరిశోధకులను తన యింట నుంచుకొని, ఖర్చు లిచ్చి, ఊళ్ళ మీదికి పంపెను. ఆ సేకరణ నేడు ఒసాకాలోని జాతీయ మానవశాస్త్ర ప్రదర్శనశాలకు సొత్తయి వెలుగుచున్నది. భూమి ధర పెరిగి కోట్లకు పడగలెత్తిన మన శామీరుపేట, మేడ్చలు ప్రాంతముల భూస్వాములు ఈ వృత్తాంతమును రెండుమార్లు చదువవలెనని మా ప్రార్థన. ఎకరము అమ్మిన సొమ్ములో వేయింట నొక వంతు ఆ ఎకరపు కథను వ్రాయించుటకు వినియోగించినచో ఎవరును పేదవారైపోరు.

ఈ ప్రతిపాదనకు కొన్ని ఆక్షేపణలు రాగలవు. పొట్టకూటికి పనికిరాని ఈ పాతకథలెందుకని కొందఱందురు. మియామోతో ద్వీపవాసుల దైన్యమును కన్నులార చూచి, ద్వీపముల సంఘమునకు కార్యదర్శిగా పనిచేసెను. 1953లో జపాను శాసనసభ దూరద్వీపముల అభివృద్ధికై ప్రత్యేక చట్టమును చేసినప్పుడు ఆ కృషిలో ఆయనకును పాలు కలదు. ఇక మనలో, చెరువు శిఖమెంతవఱకు, అలుగు పారిన నీరు ఏ వాగున కలియును, ఏ కుంట ఏ కుంటకు పైదియను సంగతులు వృద్ధులకు తెలిసినంత నేటి లేఅవుటు కాగితములకు తెలియవు. వానకాలమున కాలనీలు నీట మునిగినప్పుడే చెరువు కథ ఎంత విలువైనదో మనకు తెలియవచ్చుచున్నది. మన ప్రాంతమున భూమి తగాదా వచ్చినచో 1954–55 నాటి ఖాస్రా పహాణీని వెదకని రైతు లేడు. డెబ్బదియేండ్ల నాటి ఆ కాగితమున పేరున్నవాడు ధన్యుడు. భూమికి ఖాస్రా యున్నది; ఆ భూమి మీద బ్రతికిన మనుష్యులకు ఖాస్రా యెచ్చట?

ఊరి లోగుట్టు వ్రాసినచో కులముల మాట, అంటరానితనపు మాట, వెట్టి మాట బయటపడునని, అది ఊరికి అప్రతిష్ఠయని మఱికొందఱు సంకోచింతురు. మా అభిప్రాయము ఇందుకు విరుద్ధము. ఏ బావినీరు ఎవరికి నిషేధింపబడినదో, ఎవరి యింట ఎవరు వెట్టిచేసిరో వ్రాయని గ్రామచరిత్రము చరిత్రము కాదు. అది పొగడ్త పద్యము. దూబే ఈ విషయమున మొగమాటపడలేదు. కులముల హెచ్చుతగ్గులను ఉన్నవి ఉన్నట్లు వ్రాసెను. మన తాతలు చేసిన తప్పును మనము వ్రాసికొనినచో, అది మన మనుమలకు పాఠమగును. దాచినచో ఇతరులు వ్రాయుదురు, అప్పుడు మన మాట వినువారుండరు. మఱియు వ్రాయువారు దొరవారి గడీని మాత్రము చూచి రాక, మాదిగవాడకును, మాలవాడకును, ముసల్మానుల యిండ్లకును పోయి అడిగి వ్రాయవలెను.

స్త్రీల సంగతియు అట్టిదే. దూబే సహధర్మచారిణి లీలా దూబే స్వయముగ మానవశాస్త్రజ్ఞురాలు. లక్షద్వీపములలోని కల్పేని ద్వీపమున తల్లివైపు వారసత్వము గల ముసల్మానుల బంధుత్వములను పరిశీలించి 1969లో గ్రంథమును ప్రకటించినది. ఇంటిలోని కట్టుబాట్లను ఎఱుగక సమాజమును ఎఱుగలేమని ఆమె జీవితకాలపు కృషి చాటుచున్నది. బోనము ఎత్తుకొనినదెవరు, బతుకమ్మ పేర్చినదెవరు, విత్తనము దాచినదెవరు? ఆమెను అడుగక వ్రాసిన ఊరి కథ సగము కథయే.

ఇక, సొంతవారు వ్రాసినచో పక్షపాతముండును, పరులు వ్రాసినదే నిష్పాక్షికమని వాదించువారు కలరు. ఇందులో కొంత నిజము లేకపోలేదు. టోక్యో విశ్వవిద్యాలయమున తొలి మహిళా ఆచార్యురాలైన చియే నకానే (1926–2021) యౌవనమున మన దేశమునకు వచ్చి, గారో, ఖాసీ జాతుల నడుమ పరిశోధించినది. స్వదేశమునకు మరలిన పిమ్మట 1967లో జపాను సమాజమును గూర్చి ఆమె వ్రాసిన గ్రంథము ఆ దేశమున లక్షలుగా అమ్ముడుపోయినది. జపానువాడు తాను పనిచేయు చోటును బట్టి, తానున్న కూటమిని బట్టి తన్ను తాను గుర్తించుకొనుననియు, భారతీయుడు కులము వంటి పుట్టుక గుణమును బట్టి గుర్తించుకొనుననియు ఆమె పోల్చి చూపినది. పరదేశమును చూచివచ్చిన కన్నుతో స్వదేశమును చూచుటవలన కలిగిన లాభమిది. కావున పరుల చూపు మనకు వలదని మేమనము. పరులు మనలను చూడనిండు. మనము పరులను చూచి వత్తము. కాని ఇంటివాడు కన్నులు మూసికొని, దారినిపోవువానినే తన యింటిని వర్ణింపుమనుట వివేకము కాదు.

తెలుగువారికి ఈ విద్య క్రొత్తది కాదు. కర్నలు మెకంజీ కాలమున కావలి సోదరులు ఊరూర తిరిగి కైఫీయతులను సేకరింపకున్నచో మన గ్రామములలో పెక్కింటికి పూర్వకథయే లేకపోయెడిది. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారు రాజుల జాబితాలను ప్రక్కన బెట్టి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ ఆటలాడిరి అని వెదకి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను వ్రాసి 1949లో ప్రకటించిరి. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములను పరిశోధించి ఉస్మానియాలో పట్టము పొందిరి. విత్తనము మనయొద్ద కలదు, సేద్యమే నిలిచిపోయినది.

కనుక మేము కోరునది పెద్ద కార్యమేమియు కాదు. సూరారము మొదలుకొని శామీరుపేట వఱకు గల ప్రతి పాత గ్రామమునకు ఒక్కొక్క గ్రామచరిత్రము తెలుగున వెలువడవలెను. ఇందుకై ఊరి పెద్దలు, ఉపాధ్యాయులు, అన్ని వాడల ప్రతినిధులు కలిసిన చిన్న సంఘము చాలును. ఎనుబదియేండ్లు దాటిన వృద్ధుల మాటలను ముందుగా నమోదు చేయవలెను. వారు మనకొఱకు వేచియుండరు. మైసూరు రాంపురా గ్రామమును గూర్చి ఎం. ఎన్. శ్రీనివాస్ సేకరించిన కాగితములు 1970లో అమెరికాలో అగ్నికి ఆహుతి కాగా, ఆయన జ్ఞాపకము మీద ఆధారపడి గ్రంథమును వ్రాయవలసివచ్చెను. 1945 బాంబుల దాడిలో మియామోతో వ్రాతప్రతులు సయితము బూడిదయైనవి. వారికి జ్ఞాపకమైనను మిగిలినది. జ్ఞాపకముంచుకొన్నవారే పోయిన పిమ్మట మనమెవరి నడుగుదుము? పాతకాగితములు గలవారు వానిని దాచకయు, చిత్తుకాగితముల వానికి తూచకయు, ఛాయాప్రతులు తీయించి గ్రంథాలయమునకు ఈయవలెను. చెరువులు, కుంటలు, బావులు, గుళ్ళు, దర్గాలు, పొలముల పేర్లు, వాగుల పేర్లు పటమున గుర్తింపవలెను. కళాశాలల విద్యార్థులకు ఈ పనిని పరీక్షకు బదులు అప్పగించినచో వారికిని చదువు వచ్చును, ఊరికిని చరిత్ర వచ్చును. శామీరుపేటలో మరల పరిశీలన జరిపి, డెబ్బదియేండ్లలో ఏమి మారెనో, ఏమి మారలేదో తేల్చుట ఉస్మానియా విశ్వవిద్యాలయము తనకు తాను తీర్చుకొనవలసిన ఋణము.

నగరము ఊరిని మ్రింగుటను మనము ఆపజాలము. అమ్మిన పొలము తిరిగి రాదు. కాని సూరారమున రేపు పుట్టబోవు బిడ్డ, ఈ మేడల క్రింద ఏమున్నదని తాతను అడిగినప్పుడు, చూపుటకు ఒక పుస్తకమైనను ఆ యింట నుండవలెను. ఆ పుస్తకమును వ్రాయగలవారు నేడు బ్రతికియున్నారు. వ్రాయించగలవారు ఈ పత్రికను చదువుచున్నారు. వచ్చు సంక్రాంతికి ఊరు చేరినప్పుడు, పాఠకులు తమ యింటి పెద్దవారి చెంత ఒక పూట కూర్చుండి, వినిన దానిని కాగితమున పెట్టి ఈ కార్యమునకు శ్రీకారము చుట్టుదురని ఆశించుచున్నాము.